తాండూరు హోటళ్ళూ మా నాయనా

మా నాయన పోయిన కబురు నాకొక లారీ డ్రైవరు తెచ్చాడు. నాపరాతి బండలు ఎత్తుకోవడానికి వికారాబాద్ నుంచి వచ్చే లారీ ఎప్పుడూ తాండూరులో మా గోదాము దగ్గర ఆగుతుంది. ఆ రోజు పొద్దున్నే ఇంటి ముందు ఆగింది. డ్రైవరు దిగి, తలకు చుట్టుకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అది చూడగానే నాకు సగం అర్థమైంది. "అమ్మా, కట్టెల అడితి పెద్దాయన నిద్రల్నే పోయిండంట. మీ తమ్ముడు జెప్పి రమ్మన్నడు," అన్నాడు. ప్యాసింజరు బండికి ఇంకా చాలా టైముంది. అంతసేపు ఆగడం నా వల్ల కాలేదు. నేనూ మా ఆయనా ఆ లారీలోనే ముందు కూర్చుని బయల్దేరాం. పోయిన మనిషి ఇక ఎక్కడికీ పోడని తెలిసి కూడా దారి పొడుగునా డ్రైవరును తొందరపెడుతూనే ఉన్నాను.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా నిలబడి చూడటం మా దిక్కు పద్ధతి. మా తమ్ముడు పాపం ఊరంతా తిరిగి అన్నీ తెచ్చాడు. స్టేషన్ ముందటి బండి మీది మిరపకాయ బజ్జీలు, జిలేబి, ఆకులో చుట్టించిన మసాలా దోసె, ఆఖరికి గ్లాసులో చాయ్ కూడా. మా నాయన నోటి రుచి మనిషని వికారాబాద్‌లోనూ తాండూరులోనూ పేరు. తాండూరు హోటళ్ళన్నీ ఆయన పేరు మీదనే నడుస్తున్నాయని ఎగతాళి చేసేవాళ్ళు. కాకి మాత్రం దిగలేదు. గోడ మీద కూర్చుని అటూ ఇటూ చూస్తోంది. ఎండ ఎక్కుతోంది, అందరికీ కాళ్ళు పీకుతున్నాయి. అప్పుడు మా మేనత్త గొంతు తగ్గించినట్టే తగ్గించి, అందరికీ వినబడేటట్టు అన్నది: "ఎట్లొస్తది? కట్టు తప్పి బిడ్డ ఇంట్ల తిన్న మనిషాయె."

నాకు ఒళ్ళు మండింది. నోటిదాకా వచ్చిన మాట అనేసేదాన్నే, అంతలో మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, మేనత్త వైపు చూడకుండా తమ్ముడితో అంది: "ముందుగాల గా బజ్జీలు తీసి అవతల పెట్టు. వాటిని సూస్తెనే ఆయనకు కడుపుల మంట లేసేది."

తమ్ముడు నోరు తెరిచాడు. "మరి తాండూరుల గన్నిగనం తిన్నడు గదనె?"

"తిన్నడని ఎవలు జెప్పిన్రు? ఆయనే జెప్పిండు. తాండూరు నుంచి వచ్చిన్నాడు ఇంటికొచ్చి ఇంత జొన్న గట్క, మజ్జిగ తాగి పండెటోడు."

బజ్జీలు తీసేశారు. కాసేపటికి కాకి వచ్చి అన్నం ముట్టింది. దానికి ఆకలయింది, తిన్నది. అంతకు మించి నేనేమీ అనుకోవడం లేదు. కాని మేనత్త మాట మాత్రం నన్ను వదలలేదు. తాండూరు తిరిగి వచ్చాక కూడా ఇంట్లో కాలు నిలవక వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉన్నాను. మా నాయన బిడ్డ ఇంట్లో ఎందుకు తిన్నాడో చెప్పేస్తే తప్ప నాకు కుదురుండదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా దిక్కు కొన్ని ఇళ్ళలో ఒక కట్టు ఉంది. కన్యాదానం చేసిన తండ్రి, బిడ్డ కడుపు పండేదాకా ఆ ఇంట్లో మెతుకు ముట్టకూడదు. గట్టిగా పాటించేవాళ్ళు మంచినీళ్ళు కూడా తాగరు. మనుమడో మనుమరాలో పుట్టిన తర్వాత, ఆ పసిదాని చేతిలో ఏదన్నా పెట్టి, అప్పుడు పీట మీద కూర్చుంటారు. మామూలుగా అది ఏడాదో రెండేళ్ళో ఉండే ముచ్చట. తండ్రులు నవ్వుకుంటూ గడిపేస్తారు. పోలీసు చర్య జరిగి ఊళ్ళు కాస్త కుదుటపడుతున్న రోజుల్లో నా పెళ్ళయింది. ఏళ్ళు గడిచాయి. నా కడుపు పండలేదు. మా నాయన మా ఇంట్లో తినలేదు.

అట్లాగని రావడం మానలేదు. వికారాబాద్ స్టేషన్ వెనక ఆయనకు కట్టెల అడితి ఉండేది, బంట్వారం వైపు కొంత చెలక భూమి ఉండేది. ఏ పని ఉన్నా నెల తిరగకుండా తాండూరు బండి ఎక్కేవాడు. చంకలో గొడుగు, చేతిలో సంచీ. సంచీలో అమ్మ పంపిన సొరకాయో, కాలమైతే అనంతగిరి సీతాఫలాలో ఉండేవి. అవి నా చేతికిచ్చి, మా అరుగు కింద చెప్పులతోనే నిలబడేవాడు. కాలు కాలిన పిల్లిలా ఆ కాస్త జాగాలోనే అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడేవాడు. మా అత్తగారు లోపలికి రమ్మంటే, "వద్దు చెల్లె, నేను గిప్పుడే తిన్న," అనేవాడు. బండి దిగి నేరుగా మా ఇంటికే వచ్చి కూడా అదే మాట.

తర్వాత మొదలుపెట్టేవాడు. ఉడిపి హోటల్లో దోసె ఎంత పలుచగా పోస్తారో, ఇరానీ హోటల్లో చాయ్ ఎంతసేపు మరగబెడతారో, కన్నడమ్మ నడిపే పూటకూటి ఖానావళిలో గుత్తి వంకాయలో పల్లీల పొడి ఎట్లా కూరుతుందో, స్టేషన్ ముందు బజ్జీలాయన మిరపకాయలో వాము ఎంత పెడతాడో వీధికంతా వినబడేటట్టు చెప్పేవాడు. "తాండూరుకొచ్చి గివి తినకుంట పోతె పాపం తలుగుతది," అనేవాడు. వికారాబాద్ పోయి అడితి దగ్గర కూడా ఇదే పాట. జనం నవ్వేవాళ్ళు. "బిడ్డను సూడవోతున్నడా, బజ్జీలు తినవోతున్నడా?" అనేవాళ్ళు. ఆయన వాళ్ళకంటే గట్టిగా నవ్వేవాడు.

నాకు ఆ నవ్వు చూస్తే చిరాకు వేసేది. ఇంత వయసు మనిషి తిండి గురించి ఇట్లా మాట్లాడతాడేమిటని పళ్ళు కొరుక్కునేదాన్ని. మరి ఆ మాటలు లేకపోతే వీధిలో ఏ మాటలు వినబడేవో నాకు అప్పుడు తట్టలేదు. వియ్యంకుడు ఇంకా అరుగు కిందనే ఎందుకు నిలబడ్డాడని ఎవరూ అడగకుండా ఆయన తన నోటిని అడ్డం పెట్టాడు. తిండిపోతని అనిపించుకున్నాడు గాని నన్ను గొడ్రాలని అననీయలేదు. ఆయన ఉన్నంతసేపైనా అననీయలేదు.

ఒక వేసవిలో మా అత్తగారు ఆయనకు కబురు పెట్టింది. ఆమెను చెడ్డదని చెప్పను. మామగారు పోయినప్పటి నుంచీ బండల గని, పనివాళ్ళు, కోర్టు పనులు అన్నీ ఒంటిచేత్తో చూసిన మనిషి. ఒక్కడే కొడుకు. ఆ కొడుకు తర్వాత ఇంట్లో దీపం పెట్టేదెవరన్న భయం ఆమెను పట్టుకుంది. కొడంగల్ వైపు ఒక పిల్లను ఎవరో చూపించారు. అప్పటికి చట్టం వచ్చింది, ఒకామె ఉండగా ఇంకొకామెను చేసుకోకూడదని పట్నంలో చెప్పుకుంటున్నారు. చట్టం మా వీధిదాకా ఇంకా రాలేదు.

నాయన సాయంత్రం బండికి వచ్చాడు. అరుగు కిందనే నిలబడ్డాడు. అత్తగారు నన్ను కూడా తలుపు దగ్గరికి పిలిచి, దాపరికం లేకుండా చెప్పింది.

"అన్నా, నీ బిడ్డను ఏమంట లేను. ఒప్పుకుంటె ఇద్దరు అక్కాచెల్లెండ్ల లెక్క ఉంటరు. ఒప్పుకోకుంటె నీ ఇంటికి తోల్కపో. రేపు నువ్వు బండి ఎక్కేలోపు ఏదో ఒకటి జెప్పి పో."

మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. మంచివాడే, నా మీద చెయ్యి ఎత్తింది లేదు, ఒక్క మాట తూలింది లేదు. తల్లి ముందు మాత్రం నోరు లేదు. గోడకు ఆనుకుని గోరు గిల్లుకుంటూ నిలబడ్డాడు. మా నాయన గొడుగు ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. "రేపు జెప్త చెల్లె," అని, ఎప్పటిలాగే స్టేషన్ ముసాఫిర్‌ఖానాలో పడుకోవడానికి పోయాడు. ఆ రోజు హోటళ్ళ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

పొద్దున ఇంకా ముగ్గులు ఆరకముందే వచ్చాడు. "బిడ్డను ఒక్క పూట నాతోని పంపు చెల్లె. మల్ల తోల్కొచ్చి అప్పజెప్త," అన్నాడు. అత్తగారు ఏమనుకుందో గాని సరేనంది. నేను కొంగు భుజం నిండా కప్పుకుని ఆయన వెనక నడిచాను. ఆయన నన్ను గుడికి తీసుకుపోతాడనుకున్నాను. నేరుగా ఉడిపి హోటలుకు తీసుకుపోయాడు.

నేను అంతవరకు ఏ హోటల్లోనూ కాలు పెట్టలేదు. ఆడవాళ్ళ కోసం ఒక మూల పర్దా కట్టిన గది ఉంది. అందులో కూర్చోబెట్టాడు. సర్వరు వచ్చి, నేనున్నానని చూడకుండానే ఒక మజ్జిగ గ్లాసు తెచ్చి నాయన ముందు పెట్టాడు. "మీదెప్పటిదే కదా," అన్నాడు. నాయన ముఖం మాడిపోయింది. ఆ గ్లాసు పక్కకు జరిపి, "ఇయ్యాల అన్ని తే," అని గట్టిగా అన్నాడు. ఇడ్లీ వచ్చింది, వడ వచ్చింది, తర్వాత దోసె వచ్చింది. మా ఇంట్లో అట్లు పోస్తాం గాని ఇట్లా అంచులు కరకరలాడేవి, లోపల ఆలుగడ్డ కూర పెట్టినవి నేనెరగను. నా బతుకు అటో ఇటో తేలే రోజు అది. అయినా సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ దోసె నాకు చాలా నచ్చింది.

"నాయనా, ఏం జెప్తవు ఆమెకు?" అన్నాను.

"తినేటప్పుడు మాట్లాడొద్దు బిడ్డా. తిన్నంక."

తిన్నాక లేచి, "పా, ఇంకో తాన మంచిగుంటది," అన్నాడు.

ఇరానీ హోటలుకు పోయాం. లోపల అంతా మగవాళ్ళే. ఆయన నన్ను పక్క సందులో ఉన్న చిన్న గది బల్ల దగ్గర కూర్చోబెట్టి తానే చాయ్ తెచ్చాడు. సాసర్లో పోసి ఊది నా చేతికిచ్చాడు, చిన్నప్పుడు పాలు ఇచ్చినట్టు. నేను మళ్ళీ అడిగాను. ఆయన బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది విరిగి పడిపోతే వేలితో వెతుక్కుంటూ, "తిన్నంక, తిన్నంక," అన్నాడు. ఆ ఒక్క బిస్కెట్ తినడానికి ఎంతసేపు పట్టిందో! అది అయిపోగానే ఖానావళి అన్నాడు.

కన్నడమ్మ ఖానావళి అంగడి వెనక సందులో ఒక చిన్న ఇల్లు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని జొన్న రొట్టెలు కొడుతోంది. నాయనను చూడగానే నవ్వి, నా వైపు చేయి చూపి, "నిన్న మగళా?" అంది. నీ బిడ్డనా అని. ఆయన తలూపాడు. ఆమె నాతో తెలుగూ కన్నడా కలిపి అంది: "నీ నాయన వస్తడు, ఒక్క రొట్టె, అది కూడ సగం. మజ్జిగ తాగుతడు. ఏ కూర ఎట్ల చేసినవు అని అన్నీ అడుగుతడు. తినడు. మగళ మనెకు, బిడ్డ ఇంటికి పోవాలె అని ఉరుకుతడు. యాకప్పా, ఎందుకయ్యా? రుచి చూడకుండ అడిగి ఏం చేస్తవు?"

మా నాయన తల దించుకుని రొట్టె తుంచుతున్నాడు. ఇన్నేళ్ళూ మా వీధిలో నిలబడి ఆయన చెప్పిన వంకాయ, ఆ పల్లీల పొడి, ఆ వాము అంతా అడిగి తెలుసుకున్నదే, తిన్నది కాదు. ఆమె నా రొట్టె మీద వెన్న ముద్ద వేసింది. ఆ వంకాయ నిజంగానే ఆయన చెప్పినంత బాగుంది. ఆ రోజు ఆయన కూడా తిన్నాడు. సగం కాదు, మొత్తం తిన్నాడు, ఇంకొకటి వేయించుకుని తిన్నాడు. తింటున్నంతసేపు నేను ఏమీ అడగనని ఆయనకు తెలుసు.

అక్కడి నుంచి జిలేబి దుకాణం. అక్కడి నుంచి స్టేషన్ ముందు బజ్జీల బండి. ఎండ నెత్తి మీదికి వస్తోంది. ఆయనకు చెమటలు పడుతున్నాయి, ఒక చెయ్యి కడుపు మీద ఉంది, ఇంకో చేతిలో బజ్జీల పొట్లం. ఒకటి కొరికాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిరపకాయకా, ఇంకెందుకా అన్నది నేను చూడదలచుకోలేదు. నాకు ఓపిక చచ్చిపోయింది. రోడ్డు మీద ఉన్నామని కూడా మరిచిపోయాను.

"ఇంకెన్ని హోటళ్ళున్నయి నాయనా తాండూరుల? నన్ను తోల్కపోతవా, ఇడిసిపెట్టి పోతవా? అదన్న జెప్పు!"

ఆయన బజ్జీ నమలడం ఆపాడు. "నేను జెప్పుడు గాదు బిడ్డా. నీకేం గావాలె?" అన్నాడు.

అప్పటిదాకా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. అత్తగారు అడగలేదు, మా ఆయన అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు. కాని జవాబు ఎక్కడో తయారుగానే ఉన్నట్టుంది, ఠక్కున వచ్చింది.

"నేను ఈడనె ఉంట. అది నా ఇల్లు. ఇంకొకామె వస్తె మాత్రం ఉండ."

"అల్లుడు?"

"మంచోడే. నోరు లేదు."

నాయన పొట్లం మడిచి బండి కింద పెట్టాడు. రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. "పా," అన్నాడు. ఈసారి ఎక్కడికో చెప్పలేదు. మా ఇంటి దారి పట్టాడు. ఎప్పుడూ నాలుగడుగులు ముందుండే మనిషి, ఆ రోజు నా పక్కనే నడిచాడు.

అత్తగారు అరుగు మీదనే ఉంది. గని నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన ఒళ్ళంతా రాతి దుమ్ముతో వాకిట్లో నిలబడ్డాడు. "సోంచాయించినవా అన్నా? ఏం జెప్తవు?" అని అడిగింది ఆమె.

మా నాయన గొడుగు గోడకు ఆనించాడు. చెప్పులు విడిచాడు. "బిడ్డా, కాళ్ళకు నీళ్ళియ్యి," అన్నాడు. నేను చెంబు ఇచ్చాను. కాళ్ళు కడుక్కుని, అరుగెక్కి, గడప దాటి, మేం రోజూ తినే చోట నేల మీద కాళ్ళు మడిచి సక్లముక్లం వేసుకుని కూర్చున్నాడు.

"ఆకలైతున్నది. అన్నం పెట్టు."

అత్తగారు గడప దగ్గరికి వచ్చింది. "గదేంది అన్నా? ఇంక దీని కడుపే పండలేదు. కట్టు తప్పితె పాపం గాదా?"

"పాపమైతె నాకే తలుగనియ్యి చెల్లె. ఇన్నేండ్లు అరుగు కింద నిలవడ్డ. మనుమడొస్తె లోపటికొస్త అనుకున్న. నేను తినకుంట నిలవడ్డన్ని దినాలు నా బిడ్డకు లోటున్నదని నేనే నీకు జెప్తున్న. కన్న తండ్రినే జెప్తుంటె నువ్వు అనుకోకుంట ఎట్లుంటవు? ఇగ జెప్ప. పిల్లలైన గాకున్న గిది నా బిడ్డ ఇల్లు. నా బిడ్డ ఇంట్ల నేను తింట. ఇంకో సంబంధం మాట గీ ఇంట్ల వద్దు. ఇదే నా జవాబు."

గొంతేమీ పెద్దది చేయలేదు. నేను పొయ్యి దగ్గరికి ఉరికాను. ఉన్నదేమిటంటే పొద్దుటి పుంటికూర పప్పు, అన్నం. రొట్టె పిండి కలిపి కొట్టడం మొదలుపెట్టాను. మొదటి రొట్టె చేతుల్లో విరిగిపోయింది. రెండోది నిలిచింది. పళ్ళెంలో పెట్టి ఆయన ముందుంచాను. ఆయన ఒక ముక్క తుంచి పప్పులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు.

ఆ కడుపులో అప్పటికే ఏమేమున్నాయో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఇడ్లీ, వడ, దోసె, చాయ్, రొట్టెలు, వంకాయ, జిలేబి, ఆయనకు అస్సలు పడని ఆ బజ్జీ. వాటన్నిటి మీద ఆయన పొద్దున నుంచి పస్తున్న మనిషిలాగా తింటున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను రొట్టెలు కొడుతూనే ఉన్నాను. మొల దగ్గర పంచె ముడి ఒకసారి వదులు చేసుకున్నాడు. "మంచిగున్నది బిడ్డా, ఇంకోటి ఎయ్యి," అన్నాడు.

అప్పుడు వాకిట్లోంచి చప్పుడైంది. మా ఆయన కాళ్ళు కడుక్కుంటున్నాడు. లోపలికి వచ్చి, తల్లి వైపు చూడకుండా, మా నాయన పక్కన పంక్తిలో కూర్చున్నాడు. "నాక్కూడ ఎయ్యి," అన్నాడు నాతో. ఇంకెవరికో చెప్తున్నట్టు గోడను చూస్తూ అన్నాడు: "కొడంగలోళ్ళకు వద్దని కబురంపుత." ఆ మనిషి నోటి నుంచి అంత పెద్ద మాట నేను వినడం అదే మొదటిసారి. అత్తగారు చాలాసేపు గడప పట్టుకుని నిలబడింది. తర్వాత లోపలి గదిలోకి పోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. నెయ్యి గిన్నె పట్టుకుని వచ్చింది. మొదట మా నాయన పళ్ళెంలో వేసింది.

నాకు పిల్లలు పుట్టారా అని అడిగేవాళ్ళకు చెప్తున్నాను, పుట్టలేదు. అత్తగారు పోయేదాకా ఆ బాధ ఆమెకు ఉంది, నాకూ ఉంది. అప్పుడప్పుడు మాటలు కూడా పడ్డాను. కాని ఆ రెండో సంబంధం మళ్ళీ మా గడప దగ్గరికి రాలేదు. మా నాయన ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా చెప్పులు విడిచి లోపలికే వచ్చేవాడు, గట్కో మజ్జిగో అడిగి తాగేవాడు. హోటళ్ళ ముచ్చట మానేశాడు. అయినా ఊళ్ళో పడ్డ పేరు పోలేదు, దాన్ని పోగొట్టుకోవాలని ఆయన చూడనూ లేదు. కట్టు తప్పాడని మా మేనత్త అన్నది నిజమే. తప్పాడు. నా కోసం తప్పాడు. ఆ రుణం ఎట్లా తీర్చాలో నాకు తెలియదు, తీర్చాలనీ లేదు.

ఆ మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన లేవలేకపోయాడు. మా ఆయన రెక్క పట్టుకుని లేపితే ఇద్దరికీ నవ్వొచ్చింది. చేతులు కడుక్కుని, బండికి ఇంకా జర టైమున్నదని, గదిలో చల్లగా ఉన్న బండల మీద ఇట్లా నడుము వాల్చాడు. తలకింద చెయ్యి పెట్టుకున్నాడు, అంతే. గురక మొదలైంది. నోరు కొద్దిగా తెరుచుకుంది, కడుపు లేచి పడుతోంది, పెదవి పక్కన ఇంత నెయ్యి మెరుస్తోంది. అత్తగారు విసనకర్ర పట్టుకుని కాస్త దూరంలో కూర్చుంది. స్టేషన్ వైపు నుంచి వికారాబాద్ బండి కూత వినబడింది. లేపుదామని నేను ముందుకు వంగితే, ఆమె విసనకర్ర నాకు అడ్డం పెట్టింది.